కెప్టెన్ వ్రుంగెల్ పాటల సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిళ్ళు: పడవ పేరు దగ్గరే ఆగిపోయాను

పుస్తకాల_పురుగు

అందరికీ నమస్కారం. కాస్త వింత పని పెట్టుకున్నాను, తిట్టకుండా చదవండి.

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు. సెలవులకి బెజవాడ వచ్చాడు. ఫోన్లో ఏదో వెతుకుతుంటే వాడి కంట 'కెప్టెన్ వ్రుంగెల్ సాహసాలు' పడింది, పాత సోవియట్ బొమ్మల సీరియల్. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాలుగు భాగాలు వరసపెట్టి చూసేశాడు. ఐదోదానికి నన్ను పిలిచి, "మామయ్యా, వీళ్ళేం పాడుతున్నారో చెప్పు" అన్నాడు. నా రష్యన్ ఎంతంటే, చిన్నప్పుడు విశాలాంధ్ర వ్యాన్‌లో కొన్న సోవియట్ పుస్తకాల చివరి పేజీలో కూడబలుక్కుని చదివిన నాలుగక్షరాలు. అయినా మామయ్య పరువు ఉంది కదా, "సబ్‌టైటిళ్ళు రాసిస్తాన్రా" అని మాటిచ్చేశాను.

తెలియనివాళ్ళ కోసం: మూలం అంద్రేయ్ నెక్రాసొవ్ రాసిన సముద్రయానం నవల. 1937లో 'పయనీర్' అనే పిల్లల పత్రికలో వచ్చింది. నావికుల బడిలో పాఠాలు చెప్పే ఓ పెద్దాయన, తాను చిన్న తెరచాప పడవలో లోకం చుట్టి వచ్చిన కథ శిష్యుడికి చెబుతాడు. అన్నీ కోతలే. దాన్ని కీవ్‌లోని కియెవ్‌నౌచ్‌ఫిల్మ్ స్టూడియోలో దవీద్ చెర్కాస్కీ 1976 నుంచి 1979 దాకా 13 భాగాల టీవీ సీరియల్‌గా తీశాడు, పాటలతో. సంగీతం గియోర్గీ ఫీర్తిచ్, పాటలు యెఫీమ్ చెపొవెత్స్కీ.

ఇక నా తిప్పలు. పడవ పేరు 'పొబేద', అంటే విజయం. బయల్దేరేటప్పుడే మొదటి రెండక్షరాలు ('పొ' రష్యన్‌లో రెండక్షరాలు) ఊడిపోయి 'బేద' మిగులుతుంది. బేద అంటే ఆపద. కథంతా ఆ పేరుతోనే తిరుగుతారు. దీన్ని తెలుగులో ఎలా చెప్పాలి? 'విజయం'లో రెండక్షరాలు తీస్తే 'యం' మిగిలింది. నా మొహం మీద కూడా అదే మిగిలింది.

కీవ్_బ్యాచ్

పురుగు గారూ, ఎన్నాళ్ళకి ఈ పేరు విన్నాను! నేను ఉక్రెయిన్‌లో, విన్నిత్సియాలో ఎంబీబీయస్ చదివాను. హాస్టల్ గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ కాపలా కూర్చునేది, 'దెజూర్నయా' అంటారు. మా సొంత అమ్మలా తిట్టేది. ఆవిడ టీవీలో దీన్ని మొదటిసారి చూశాను. ఆ వయసు వాళ్ళకి పాటలన్నీ నోటికి వచ్చు.

పడవ పేరు మీద ఒక పాట ఉంది కదా, దానిలో ఒక మాట అక్కడ సామెత అయిపోయింది. పడవకి పేరెలా పెడితే అది అలాగే పోతుంది అని భావం. ఎవరైనా షాపు పెట్టినా, కొత్త పనికి పేరు పెట్టినా ఇదే అంటారు. మేం మా వంటగది గ్రూపుకి 'ఆకలి కేకలు' అని పేరు పెడితే ఆవిడ అర్థం అడిగి మరీ ఈ పాట పాడింది. ఆ సెమిస్టర్ మొత్తం గ్యాస్ పొయ్యి పనిచేయలేదు.

కాబట్టి మీరు పేరు తేల్చకపోతే పాట కూడా తేలదు. రెండూ ఒకే ముడి.

మొండిఘటం

నాకు ఈ సీరియల్ మీద పెద్ద గౌరవం లేదు, ముందే చెబుతున్నా. నవల ఇంగ్లీషులో చదివాను. అందులో మజా అంతా మాటల్లో ఉంది, బొమ్మల్లో లేదు. ఒక్క ఉదాహరణ: కెప్టెన్‌కి ఇంకో కళాసీ కావాలి. 'కార్తా' తెలిసినవాడు కావాలంటాడు. రష్యన్‌లో కార్తా అంటే పటం, పేకముక్క కూడా. ఫూక్స్ అనేవాడు నాకు బాగా తెలుసని చేరిపోతాడు. పడవ నడిసముద్రంలోకి వెళ్ళాక బయటపడుతుంది, వాడికి తెలిసింది పేకాట అని, అందులోనూ మోసపు పేకాట అని.

సీరియల్‌లో ఏం చేశారు? మ్యూజియంలో వీనస్ విగ్రహం దొంగతనం, ఇద్దరు ఇటలీ మాఫియావాళ్ళు, ఒక గూఢచారి. ఇవేవీ నవలలో లేవు. నవలలో విలన్ కుసాకి అనే జపాన్ అడ్మిరల్. తిమింగలాలని కాపాడతానంటూ వేటాడే రకం. అతన్ని ఎత్తేశారు.

పుస్తకాల_పురుగు

అడ్మిరల్‌ని తీసేయడమే మంచిదయిందని నాకనిపించింది. జపాన్ మీద 1930ల నాటి కోపం అది. 70ల పిల్లలకి ఎందుకు? పైగా ఒక జాతిని ఎగతాళి చేసే బొమ్మ ఇప్పుడు మా మేనల్లుడికి చూపించాలంటే నాకే మొహమాటం.

అన్నట్టు నెక్రాసొవ్ గాలిలోంచి రాయలేదు. ఆయన సముద్రం మీద, దూర ప్రాచ్యంలో వేట నౌకల సంస్థలో పనిచేసినవాడు. అక్కడి పై అధికారి వ్రోన్‌స్కీ కోతలు కోయడంలో దిట్ట. ఆయన పేరులోని 'వ్రోన్'ని 'వ్రున్' చేసి ఈ వ్రుంగెల్‌ని పుట్టించాడంటారు. రష్యన్‌లో 'వ్రున్' అంటే అబద్ధాలకోరు.

కరీంనగర్_కుర్రోడు

అంటే మన దగ్గర కోటేశ్వరరావుని కోతేశ్వరరావు చేసినట్టు!

కీవ్_బ్యాచ్

అయిపోయింది. కెప్టెన్ కోతేశ్వరరావు. ఇంకో పేరు వెతక్కండి.

పుస్తకాల_పురుగు

పగలబడి నవ్వుకున్నా. కానీ సబ్‌టైటిల్‌లో మనిషి పేరు మార్చకూడదేమో. తెర మీద వాళ్ళు "వ్రుంగెల్" అని అరుస్తుంటారు, కింద కోతేశ్వరరావు అని పడితే పిల్లాడు నన్ను నమ్ముతాడా? కానీ ఒక్కచోటైనా వాడతాను, మాట.

అతని సహాయకుడు 'లోమ్'. లోమ్ అంటే గునపం. మనిషి కూడా అంత పొడుగు, అంత బండ. ఇది మాత్రం అనువదించాలనిపిస్తోంది.

కరీంనగర్_కుర్రోడు

మా దిక్కు గడ్డపార అంటం. 'గునపం' అంటే మా చిన్నమ్మ పిల్లలకి తెలువదు.

మొండిఘటం

వచ్చిందండీ తగువు. ఇంకా పడవ రేవు కూడా దాటలేదు.

తాళ్ళరేవు

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈసారి రాయాలనిపించింది. మాది కాకినాడ దగ్గర తాళ్ళరేవు. కర్ర పడవలు కట్టే ఊరు. మా తాత, మా నాన్న అదే పని. నేను మాత్రం బ్యాంకు.

ఆ పడవ అక్షరాలు అసలెందుకు ఊడిపోయాయి? ఎవరో చెప్పండి, ఆసక్తిగా ఉంది.

పుస్తకాల_పురుగు

నవల ప్రకారం, పడవని అప్పుడే కొట్టిన పచ్చికర్రతో కట్టారు. ఒడ్డున ఉన్నన్నాళ్ళలో అడుగునుంచి వేళ్ళు వచ్చి నేలలో పాతుకుపోయింది! బయల్దేరే రోజు అందరూ వచ్చి చేతులూపుతుంటే పడవ కదలదు. చివరికి బలవంతంగా ఊడబెరికితే గానీ కదల్లేదు. ఆ గొడవలోనే పేరులో రెండక్షరాలు పోయాయి.

తాళ్ళరేవు

మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన నవ్వు ఆపలేదు. "పచ్చికర్రకి వేళ్ళు రావు గానీ నోళ్ళు వస్తాయి" అన్నారు. అంటే ఆరని కర్రతో కడితే ఎండలో ఆరుతూ పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి, నీళ్ళు తాగుతాయి. కర్ర కోసి తీరిగ్గా ఆరబెట్టడం ఆయన చిన్నప్పుడు సగం పని. ఆ రచయిత పడవ పని చూసినవాడే, లేకపోతే అబద్ధం అంత సరిగ్గా ఆ చోటే ఆడలేడు అంటున్నారు.

మొండిఘటం

మీ నాన్నగారికి నమస్కారం. నేను చెప్పాలనుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పారు. కోత బాగా కోయాలంటే పని తెలిసి ఉండాలి. నవల చివర్లో వ్రుంగెల్ పేరుతో ఒక చిన్న నిఘంటువు కూడా ఉంది, నేల మీద బతికే తెలివితక్కువ పాఠకుల కోసమని. సముద్రపు మాటలు, తాళ్ళ పేర్లు, తెరచాపల పేర్లు, అన్నీ నిజమైనవే. చుట్టూ నిజం, మధ్యలో తిమింగలానికి జలుబు చేస్తే ఆస్పిరిన్ వేయడం! అది తుమ్మితే పడవ ఎగిరి ఎక్కడో పడుతుంది.

నా గొడవ అదే. అబద్ధం ఒకడి నోట వింటేనే అబద్ధం. బొమ్మలో చూపిస్తే అది కళ్ళముందు జరిగిపోతుంది కదా. ఇంకేం కోత? తిమింగలం తుమ్మింది, చూశాం, అయిపోయింది.

సరిగమ_సుధ

మొండిఘటం గారూ, మీ ప్రశ్న చదివి నిన్న రాత్రి మొదటి మూడు భాగాలు చూశాను. నాకు రష్యన్ రాదు, సంగీతం పాఠాలు చెప్పుకుంటాను అంతే. నాకు తోచింది రాస్తాను, తప్పయితే సరిచేయండి.

అందులో మనుషులు కాగితం బొమ్మలు. ముక్కలు ముక్కలుగా కత్తిరించి, కీళ్ళ దగ్గర కదిపి, ఒక్కో ఫ్రేమూ తీశారు. సముద్రం మాత్రం నిజం! నిజంగా ఎక్కడో తీసిన అలలు, వాటి మీద కాగితం పడవ. మొదట వింతగా ఉంది. తర్వాత తోచింది, కెప్టెన్ చెప్పే కథ సరిగ్గా అంతే కదా? నీళ్ళు నిజం, మిగతాదంతా ఆయన కత్తిరించి అతికించుకున్నది. మీరు నోటితో వినాలన్న అబద్ధాన్ని వీళ్ళు కళ్ళకి అలా చూపించారు.

మన తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. పక్కకి తిరిగిన మొహాలు, కీళ్ళ దగ్గర వేలాడే చేతులు, మధ్యలో కథతో సంబంధం లేకుండా వచ్చి నవ్వించే జుట్టుపోలిగాడు, కేతిగాడు. ఆ ఇద్దరు మాఫియావాళ్ళు నాకు అచ్చం వాళ్ళలాగే ఉన్నారు. కథలో వాళ్ళు లేకపోయినా నడుస్తుంది, వాళ్ళు లేకపోతే ఎవరూ కూర్చోరు.

కీవ్_బ్యాచ్

సుధ మేడమ్, భలే పట్టుకున్నారు. ఇంకో సంగతి చెప్పనా. వ్రుంగెల్‌కి గొంతు ఇచ్చినాయన జినోవీ గేర్త్. మాస్కోలో ఒబ్రజ్‌త్సోవ్ తోలు... క్షమించండి, తోలు కాదు, మామూలు బొమ్మల నాటకశాలలో దశాబ్దాలు పనిచేశాడు. యుద్ధంలో కాలికి దెబ్బతగిలి జీవితమంతా కుంటుతూ నడిచాడు. బొమ్మ వెనక నిలబడి గొంతుతో బతికిన మనిషి. ఆ గొంతులో తొందర ఉండదు. ప్రపంచం మునిగిపోతున్నా టీ చల్లారిపోతుందేమో అన్నట్టు మాట్లాడతాడు. కోతలరాయుడికి కావాల్సింది అదే, తాను చెప్పేది తాను నమ్మే గొంతు.

బొమ్మలు గీసినాయన రద్నా సహల్తూయెవ్. చెర్కాస్కీతో తర్వాత 'డాక్టర్ అయిబొలీత్', 'ట్రెజర్ ఐలాండ్' కూడా చేశాడు.

మొండిఘటం

సముద్రం గురించి సుధ గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. నాకు తట్టలేదు. మాఫియావాళ్ళని మాత్రం ఒప్పుకోను.

ఉక్కునగరం

ఆలస్యంగా వచ్చాను. వైజాగ్ నుంచి. స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో సోవియట్ ఇంజనీర్లు ఉండేవాళ్ళు కదా, మా నాన్న వాళ్ళతో పనిచేశారు. వాళ్ళ పిల్లాడొకడు, నా ఈడు వాడే, సాయంత్రాలు ఆటలకి వచ్చేవాడు. ఏదో "...ఇతో, ...ఇతో" అని పాడుతూ తుపాకీ కాల్చినట్టు చేసేవాడు. మేం కూడా అర్థం తెలియకుండా అదే పాడేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఈ చర్చ చదివి ఇప్పుడు వెతికి విన్నాను. అదే పాట!! ఒళ్ళు జలదరించింది.

ఇంకో మాట. సముద్రం, రష్యా, టీవీ అంటున్నారు కాబట్టి: కెప్టెన్ నెమో మీద కూడా వాళ్ళు 1975లో మూడు భాగాల టీవీ సినిమా తీశారు, ఒదెస్సా స్టూడియోలో. అందులోనూ పాటలున్నాయి. నెమో మనవాడే తెలుసుగా. జూల్ వెర్న్ తర్వాతి నవలలో బుందేల్‌ఖండ్ రాజకుమారుడు దక్కర్ అని, టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడని రాశాడు. ఆ సినిమాలో సిపాయిల తిరుగుబాటు కూడా చూపిస్తారు. మొదట వెర్న్ అతన్ని రష్యా మీద పగబట్టిన పోలండ్ దొరగా అనుకున్నాడట. ప్రచురణకర్త వద్దన్నాడు, రష్యాలో పుస్తకాలు అమ్ముడుపోవాలి కదా.

మొండిఘటం

అంటే రష్యావాళ్ళని నొప్పించకూడదని దాచిన మనిషి చివరికి మనవాడయ్యాడు, తర్వాత రష్యావాళ్ళే అతని మీద పాటల సినిమా తీశారు. బాగుంది.

నిర్వాహకుడు

నెమోకి వేరే చర్చ తెరవండి, బాగుంటుంది. ఇక్కడ పురుగు గారి పడవ ఇంకా ఒడ్డునే ఉంది.

పుస్తకాల_పురుగు

ధన్యవాదాలు సార్. ఉక్కునగరం గారు చెప్పిన పాట దగ్గరికే వస్తున్నా. మాఫియావాళ్ళ పాటలో రష్యన్ మాటల చివర 'ఇతో', 'ఏతో' తగిలించి ఉత్తుత్తి ఇటాలియన్ చేశారు. బందిపోటు, పిస్తోలు లాంటి మాటలన్నీ అలా సాగదీస్తారు. తెలుగులో చేద్దామని కూర్చుంటే ఒక చిక్కు. రష్యన్‌లో చాలా మాటలు హల్లుతో ఆగిపోతాయి. దానికి 'ఓ' తగిలిస్తే ఇటలీ వాసన వస్తుంది. మనది అజంత భాష. ప్రతి మాటా ముందే అచ్చుతో ముగుస్తుంది. 'బందిపోటు' చూడండి, ఏమీ చేయకుండానే సగం ఇటాలియన్! 'పిస్తోలు' కూడా అంతే. ఇక జోకు ఎక్కడ?

కీవ్_బ్యాచ్

రివర్స్‌లో చేయండి. చివరి అచ్చులు కోసేయండి. బందిపోట్, తుపాక్, కత్త్.

సరిగమ_సుధ

అలా చేస్తే మన పాత సినిమాల్లో సేఠ్ విలన్ మాట్లాడినట్టుంటుంది. వద్దు. పైగా పాడితే గొంతు ఆగిపోతుంది, ఆ పాటకి సాగే చివరలు కావాలి.

కరీంనగర్_కుర్రోడు

ఒక ప్రయత్నం. నవ్వకుండ్రి.

దొంగిత్తో, మేం దొంగిత్తో
చేతిల చూడు కత్తిత్తో
పోలీసొస్తే పరిగెత్తో!

ఉక్కునగరం

"పరిగెత్తో" 😂 అది నిజమైన తెలుగే, ఏమీ చేయకుండానే ఇటలీ వెళ్ళిపోయింది!

సరిగమ_సుధ

చతురశ్రంలో (నాలుగు లెక్కల నడకలో) సరిగ్గా కూర్చుంది. మా పిల్లల చేత పాడించాను, రెండోసారికే పట్టేశారు. ఒకామె వాళ్ళ నాన్న పర్సు తీసుకుని "దొంగిత్తో" అంటూ పోతోందట. నా మీదకి గొడవకి వస్తారేమో.

పుస్తకాల_పురుగు

కుర్రోడు గారూ, కాళ్ళకి దండం. ఇది ఉన్నదున్నట్టు పెట్టేస్తున్నా. 'చేతిల' కూడా మార్చను. ఆ ఇద్దరిలో ఒకడు కరీంనగర్ ఇటాలియన్ అనుకుంటారు.

మొండిఘటం గారు చెప్పిన కార్తా జోకు గురించి కూడా రాత్రి ఆలోచించాను. సబ్‌టైటిళ్ళకి కాదు, నవలని ఎప్పుడైనా తెలుగు చేస్తే అని. 'పటం'తో పోతే గాలిపటం వస్తుంది, దేవుడి పటాలు వస్తాయి, పేకముక్క రాదు.

మొండిఘటం

దీనికి నా దగ్గర జవాబుంది. పటం వదిలేయండి. కెప్టెన్ "ఎత్తులు తెలిసినవాడు కావాలి" అనాలి. ఆయన ఉద్దేశం అలల ఎత్తులు. ఫూక్స్ "ఎత్తులు, పైఎత్తులు అన్నీ తెలుసు సార్" అని ఎక్కేస్తాడు. తుఫాను రోజున జేబులోంచి ఆటీను రాజుని తీస్తాడు.

తాళ్ళరేవు

అద్భుతం సార్. రష్యన్ జోకు పోయినా దొంగ దొరికాడు.

పుస్తకాల_పురుగు

మొండిఘటం గారూ, సీరియల్ అంటే గౌరవం లేదని మొదలుపెట్టి అందరికంటే ఎక్కువ పని మీరే చేస్తున్నారు.

సరే, పడవ పేరు. ఇప్పటిదాకా నా కాగితం మీద ఉన్నవి: అశోక (శోక), అమృత (మృత), అక్షయ (క్షయ). అన్నీ 'అ' ఊడితే చెడ్డవవుతాయి. నాకు కొంచెం మోసంలా అనిపిస్తోంది. 'అ' అంటేనే లేదు అని. శోకం లేనిది అన్న మాటలో శోకం ముందే ఉంది. ఏ సంబంధమూ లేని చెడ్డమాట లోపల దాక్కుని ఉండాలి.

కీవ్_బ్యాచ్

రష్యన్‌లోనూ సంబంధం ఉంది సార్. పొబేద అనే మాట పుట్టిందే బేదలోంచి. మా భాషా పంతులమ్మ చెప్పింది. కాబట్టి మీ 'అ' మోసం కాదు.

తాళ్ళరేవు

సంబంధం లేనిదే కావాలంటే: కరుణ. 'క' ఊడితే రుణ. మా వైపు పడవలన్నీ నిజానికి ఆ పేరుతోనే తిరుగుతున్నాయి, అక్షరం ఊడకుండానే.

ఉక్కునగరం

కమలం.

నిర్వాహకుడు

ఉక్కునగరం గారు, పిల్లల సీరియల్.

ఉక్కునగరం

పిల్లలే ఎక్కువ నవ్వుతారు సార్.

సరిగమ_సుధ

రెండక్షరాలే ఊడాలంటే మా అత్తగారి ఇంటి గేటు మీద ఉంది. శ్రీనిలయం. 'శ్రీ', 'ని' పోతే లయం. లయం అంటే నాశనం, అంతా కలిసిపోవడం. ఆ మాటే లయగా పాటలోకి కూడా వస్తుంది. పాటల సీరియల్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

మొండిఘటం

లేచి నిలబడి చప్పట్లు. రెండక్షరాల లెక్క కూడా సరిపోయింది. చర్చ ముగిసింది.

తాళ్ళరేవు

చిన్న అభ్యంతరం. పడవకి ఎవరూ నిలయం అని పెట్టరండీ. ఇల్లు కదలదు. మా నాన్న ఒప్పుకోవడం లేదు.

పుస్తకాల_పురుగు

రెండు రోజులు కనపడలేదు, క్షమించాలి. శ్రీనిలయం పెట్టి మొదటి భాగం మొత్తం రాసేశాను. గర్వంగా మేనల్లుడిని కూర్చోబెట్టి చూపించాను. అక్షరాలు ఊడిపోయాయి. వాడు నా మొహం చూశాడు. "లయం అంటే?" అన్నాడు. చెప్పాను. "ఓహో" అన్నాడు. జోకు చెప్పిన తర్వాత ఓహో విన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ.

కరుణ పెట్టి చూశాను. "రుణ అంటే అప్పు" అని చెప్పాల్సి వచ్చింది. కమలం గురించి చెప్పను. వాడు అరగంట దొర్లాడు. కానీ ఆ పేరు ఇంకా 12 భాగాల్లో కెప్టెన్ నోట పలికించాలి, నాకు ధైర్యం లేదు.

అప్పుడు నా కాగితం తీసుకుని వాడే ఓ మూల వేలు పెట్టాడు. నేను ఎప్పుడో రాసి కొట్టేసిన 'అభయం'. "ఇది పెట్టు మామయ్యా. దేవుడు చెయ్యి ఇలా పెడతాడు కదా, అది. 'అ' పోతే భయం" అన్నాడు. చాలా మామూలుది, తేలికది అని కొట్టేశాను నేను. వాక్యాల్లో పెట్టి చూస్తే తేడా తెలిసింది. రేవులో జనం: "అదిగో, భయం వస్తోంది!" పడవల పందెంలో: "భయాన్ని దాటలేకపోతున్నాం!" కెప్టెన్ తాపీగా: "భయం ఎక్కండి, టైమవుతోంది." 'లయం'తో ఇవేవీ కుదరలేదు, ప్రయత్నించాను.

సరిగమ_సుధ

మా అత్తగారి గేటు ఓడిపోయింది. ఒప్పుకుంటున్నాను. "భయం ఎక్కండి" దగ్గర నేను కూడా నవ్వాను.

మొండిఘటం

రెండక్షరాల బదులు ఒకటే ఊడుతోంది కదా. తెర మీద రెండు ఊడతాయి.

పుస్తకాల_పురుగు

తెర మీద రష్యన్ అక్షరాలు. మా వాడు లెక్కపెట్టడు. మీరు లెక్కపెడతారని తెలుసు.

తాళ్ళరేవు

మా నాన్న 'అభయం' ఒప్పుకున్నారు. అలాంటి పేర్లు పెట్టిన పడవలు ఆయన కట్టారట. కాకపోతే అక్షరాలు అతికించడం తప్పంటున్నారు. పేరు ఎప్పుడూ రంగుతో రాయాలి, రెండు పూతలు. రంగు వెలుస్తుంది గానీ ఊడి పడదు.

పుస్తకాల_పురుగు

పేరు పాట పల్లవి ఇలా వచ్చింది. సుధ గారు పాడి చూసి చెప్పాలి:

పేరు ఏది పెడితే నావ
ఆ దారే పడుతుంది
మంచి పేరు చూసి పెట్టు
మళ్ళీ రేవుకి వస్తుంది

మొదటి భాగం ఫైలు ఇక్కడే జతచేశాను. గునపం, గడ్డపార గొడవలో తల దూర్చకుండా 'లోమ్' అనే ఉంచాను, మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం "లోమ్ (ఇనప కడ్డీ లాంటి మనిషి)" అని పెట్టాను. ఒకచోట కోతేశ్వరరావు కూడా ఉన్నాడు, వెతుక్కోండి.

సరిగమ_సుధ

మూడో పాదం కాస్త బిగుతుగా ఉంది. 'మంచి పేరే పెట్టుకో' అంటే సాగుతుంది. మిగతాది హాయిగా ఉంది.

కరీంనగర్_కుర్రోడు

ఫైలు చూసిన అన్నా. మస్తుంది. కానీ ఒక తప్పున్నది. అక్షరం ఊడిపోయినంక కూడా ఒకచోట 'అభయం' అనే ఉంది, పందెం మొదలయ్యే దగ్గర.

పుస్తకాల_పురుగు

చూశాను. 'అ' పీకేశాను. కొత్త ఫైలు పెట్టాను.